ఫోర్ బై ఫోర్ లైటు బ్లింక్ అయితే మాడ్యూల్ పోయినట్టేనా? గద్వాల పికప్ కథ

ఇయ్యాల వీడియో వనపర్తిలో మన షెడ్డు నుంచే. వెనక గ్రైండర్ సప్పుడు వస్తుంటది, పక్క షెడ్డాయనకు అర్జెంటు పని ఉందట, ఆపమంటే ఆపడు. జర సర్దుకోండి.

ఇదిగో, టేబుల్ మీద ఈ నల్ల డబ్బా చూడండి. అరచేతిలో పట్టేటంతనే ఉంటది, బరువు కూడా ఏం లేదు. దీని పేరు ఫోర్ వీల్ డ్రైవ్ కంట్రోల్ మాడ్యూల్. పికప్‌లో డ్యాష్‌బోర్డు కింద ఓ మూలకు దాక్కొని ఉంటది. బండి నడిపేటోళ్లకు చాలా మందికి ఇదొకటి ఉన్నదని కూడా తెల్వదు, అది పోయేదాకా. ఈ డబ్బా వల్ల నేను ఒక రైతన్న ముందట తల దించుకున్న. ఆ సంగతి కూడా చెప్త, దాచిపెట్టేది ఏం లేదు.

ఈ వీడియో ఎందుకు చేస్తున్ననంటే, మొన్న నాగర్‌కర్నూల్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. అచ్చంపేట అవతల నల్లమల అంచున ఉన్న ఊర్లకు సామాన్లు వేస్తడు. "అన్నా, ఫోర్ బై ఫోర్ లైటు ఆగకుండ బ్లింక్ కొడుతుంది. ఇక్కడ షెడ్డులో మాడ్యూల్ పోయింది అన్నరు, అడ్వాన్సు పంపమంటున్నరు. పంపాల్నా?" అని అడిగిండు. నేను ఒకటే అడిగిన, "మీటర్ పెట్టి చూసిన్రా తమ్మీ?" అని. "లేదన్నా, లైటు చూసి చెప్పిన్రు" అన్నడు. ఒక్క రోజు ఆగమని చెప్పిన. ఆయన బండి ఏమైందో తర్వాత చెప్త. ముందు ఈ డబ్బా చేసే పని ఏందో తెలిస్తేనే మిగతాది సమజైతది.

మన దిక్కు తిరిగే పికప్‌లు ఎక్కువ టూ వీల్ డ్రైవే. ఇంజిన్ బలం వెనక చక్రాలకే పోతది. ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లో గేర్‌బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటది. అవసరం పడ్డప్పుడు బలంలో భాగం ముందు చక్రాలకు పంపేది అదే. పాత థార్ లాంటి వాటిలో గేర్ రాడ్ పక్కన ఇంకో చిన్న రాడ్ ఉంటది కదా, దాన్ని చేత్తో గుంజితే లోపల గేర్లు కలుస్తయి. అందులో కంప్యూటర్ పని ఏం లేదు. ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి పికప్‌లల్ల రాడ్ బదులు గుండ్రటి నాబ్ ఉంటది. వి-క్రాస్ అయితే 2016 నుంచి శ్రీసిటీలనే తయారైతుంది, అంటే మన తెలుగు నేల మీదనే.

నాబ్ మీద మూడు గుర్తులుంటయి. 2హెచ్ అంటే మామూలు రోడ్డుకు, వెనక చక్రాలే. 4హెచ్ అంటే నాలుగు చక్రాలు, బురదకు, ఇసుకకు. 4ఎల్ అంటే నాలుగు చక్రాలే గానీ నిదానంగ, మస్తు బలంతోటి. నాబ్ తిప్పంగనే గేర్ పడదు, గమనించండి. నాబ్ ఒక అర్జీ పెడుతది, అంతే. ఆ అర్జీ ఈ డబ్బాకు వస్తది. డబ్బా ముందు చూసుకుంటది: బండి ఎంత స్పీడుల ఉంది, 4ఎల్ అడిగితే బండి ఆగిందా, న్యూట్రల్‌ల ఉందా. అన్నీ సరిగ్గ ఉంటేనే ట్రాన్స్‌ఫర్ కేస్ మీదున్న చిన్న మోటార్‌కు కరెంటు ఇస్తది. మోటార్ తిరిగి లోపల ఫోర్క్‌ను జరుపుతది. జరిగిందా లేదా అని ఒక సెన్సర్ వాపస్ ఖబర్ పంపుతది. ఆ ఖబర్ వచ్చేదాకా మీటర్‌ల లైటు బ్లింక్ అయితది. వస్తే నిలకడగ వెలుగుతది.

అంటే లైటు ఆగకుండ బ్లింక్ కొడుతున్నదంటే, "అడిగిన పని పూర్తి కాలే" అని చెప్తున్నది. ఎవరి వల్ల కాలేదో లైటు చెప్పదు. నాబ్ కావచ్చు, మోటార్ కావచ్చు, సెన్సర్ కావచ్చు, ఎలుక కొరికిన వైరు కావచ్చు, దిగిపోయిన బ్యాటరీ కావచ్చు. డబ్బా కూడా కావచ్చు. లైటు చూసి డబ్బా మార్చుడు అంటే జ్వరం వచ్చిందని పోయి గుండె ఆపరేషన్ చేయించుకున్నట్టు.

ఇగ గద్వాల కథకు వస్త.

అలంపూర్ దిక్కు ఒక ఊరు. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నడిగడ్డ. రైతన్న పత్తి విత్తనం సాగు చేస్తడు. నడిగడ్డల ఈ సాగు ఎంత ఉన్నదో మీకు తెలిసిందే. తెల్వనోళ్ల కోసం ఒక్క ముక్క చెప్త, ఎందుకంటే ఈ బండి కథ అంతా దాని మీదనే నిలబడ్డది. హైబ్రిడ్ పత్తి విత్తనం చేతితోటే తయారైతది. రేపు పూసే మొగ్గలను సాయంత్రం పూట ఒక్కొక్కటి ఒలిచి, లోపలి మగ భాగం తీసేస్తరు. తెల్లారి మగ మొక్కల పువ్వు తెచ్చి ఆ మొగ్గకు రుద్దుతరు. క్రాసింగ్ అంటరు. నిన్న ఒలిచిన మొగ్గకు ఇయ్యాల పొద్దున క్రాసింగ్ పడకపోతే ఆ మొగ్గ పోయినట్టే, రేపు చేద్దామంటే ఉండదు. కూలీలు టైముకు చేనుకు రాకపోతే నిన్నటి కూలి, ఇయ్యాలటి పంట రెండూ మట్టిపాలు.

ఆయన చేను రోడ్డుకు చాలా లోపల, నల్లరేగడి. వాన పడితే ఆ దారిల ట్రాక్టర్ తప్ప ఏదీ పోదు. అందుకే ఆయన సెకండ్ హ్యాండ్‌ల డబుల్ క్యాబిన్ ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కొన్నడు. క్యాబిన్‌ల మనుషులు, వెనక నీళ్ల డ్రమ్ములు, స్ప్రే పంపులు. (వెనక తొట్టిల మనుషుల్ని ఎక్కించకండి, ఎవరు చేసినా తప్పే, ఆయన కూడా ఎక్కించడు. రెండు ట్రిప్పులు కొడుతడు.) కంపెనీ పేరు నేను చెప్ప. నీళ్లు పోతే ఏ కంపెనీ డబ్బా అయినా ఇట్లనే అయితది.

ఆగస్టు నెల, క్రాసింగ్ మంచి ఊపు మీదున్న టైము. బండి పొద్దున 4హెచ్‌ల పడుతది, మధ్యాహ్నం పడదు. ఓ రోజు పడుతది, ఓ రోజు లైటు బ్లింక్ కొట్టుకుంట కూసుంటది. నా దగ్గరికి వచ్చేటప్పటికే ఇంకో షెడ్డుల మోటార్ మార్పించుకొని వచ్చిండు. కొత్త మోటార్ వేసినంక రెండు రోజులు మంచిగ నడిచిందట, మూడో రోజు మళ్ల అదే కథ. చేన్ల దిగబడి, ట్రాక్టర్ తెప్పించి గుంజిన్రు. ఆ పూట క్రాసింగ్ పోయింది. ఆయన మొఖం చూసి నేనేం మాట్లాడలే, బండి కింద దూరిన.

ఇక్కడ నిదానంగ చెప్త, ఎందుకంటే ఇదే మీకు పనికొచ్చేది. ఫోన్‌ల ఆపుకుంట చూడండి.

మొదట బ్యాటరీ. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలె. 12 కంటే తక్కువ ఉంటే ఇంకేం చూడకుండా ముందు చార్జింగ్ పెట్టండి. వోల్టేజీ తక్కువైతే ఈ ఎలక్ట్రానిక్ డబ్బాలు పిచ్చి పిచ్చిగ చేస్తయి. ఈయన బండిల బ్యాటరీ మంచిగనే ఉంది.

తర్వాత ఫ్యూజ్. కంటితో చూసి బాగుందనుకోవద్దు, రెండు దిక్కుల మీటర్ పెట్టి చూడాలె. సన్నగ పగిలిన ఫ్యూజ్ కంటికి కనిపియ్యదు.

మూడోది ఎర్త్. మన మెకానిక్‌లం ఎక్కువ తప్పు చేసేది ఇక్కడనే, నేను కూడా చేసిన. ఎర్త్ వైరు ఉందా అని చూస్తం, ఉంది అనుకుంటం. ఉన్నా లోపల తుప్పు పట్టి ఉంటది. ఇగ్నిషన్ ఆన్ చేసి, నాబ్ తిప్పి, పని చేసే టైముల మాడ్యూల్ ఎర్త్ పిన్నుకు, బ్యాటరీ మైనస్‌కు నడుమ మీటర్ పెట్టండి. సున్న దగ్గర చూపియ్యాలె. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌ల తేడా ఉన్నట్టే. పని చేస్తున్న టైముల చూడాలె, అది మర్చిపోకండి. ఊకున్నప్పుడు అన్నీ మంచిగనే కనిపిస్తయి.

నాగర్‌కర్నూల్ తమ్ముడి బండి ఇక్కడనే తేలింది. వీడియో కాల్‌ల ఆయనతోటి మీటర్ పట్టించిన. ఒక వోల్టు కంటే ఎక్కువ చూపించింది. ఎర్త్ వైరు ఛాసిస్‌కు బిగిచ్చిన చోట బోల్టు విప్పిస్తే, రింగు కింద మొత్తం తుప్పు. గీకి, ఎమెరీ పేపర్‌తోటి రుద్ది, మళ్ల బిగిచ్చిండు. లైటు ఆగింది. ఖర్చు ఎమెరీ పేపర్ ముక్క, అంతే. అడ్వాన్సు పంపి ఉంటే? కొత్త డబ్బా వేసేటప్పుడు ఎట్లనో ఆ బోల్టు కదిలేది, బండి మంచిగయ్యేది, తమ్ముడు జిందగీ అంతా మాడ్యూలే పోయిందనుకునేటోడు.

గద్వాల బండిల ఎర్త్ కూడా మంచిగనే ఉంది. అప్పుడు స్కానర్ పెట్టిన. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటది, ఓబీడీ అంటరు. యూ0102 అని కోడ్ వచ్చింది. ట్రాన్స్‌ఫర్ కేస్ మాడ్యూల్‌తోటి మాట తెగిపోయింది అని దాని అర్థం. బండిలున్న కంప్యూటర్లు అన్నీ క్యాన్ అనే రెండు వైర్ల మీద ఒకదానితోటి ఒకటి మాట్లాడుకుంటయి. మిగతావి పిలుస్తున్నయి, ఇది పలకలే. పలకలేదంటే చచ్చిపోయిందని కాదు. నడుమ దారి తెగి కూడా ఉండొచ్చు. అందుకే బ్యాటరీ వైరు తీసి, సాకెట్‌ల 6, 14 పిన్నుల నడుమ ఓమ్స్ చూసిన. దాదాపు 60 రావాలె, వచ్చింది. 120 వస్తే ఓ దిక్కు తెగినట్టు. ఇది మెయిన్ లైను సంగతే చెప్తది, డబ్బాకు పోయే చీలిక వైర్లు వేరే చూడాలె, కనెక్టర్ దాకా అవి కూడా చూసిన. బాగున్నయి.

మోటార్ కనెక్టర్ తీసి, ఫ్యూజ్ పెట్టిన వైరుతోటి రెండు మోటార్ పిన్నులకు ఒక్క సెకను కరెంటు ఇచ్చిన. గుర్ర్ మని తిరిగింది. ఇది చేసేటప్పుడు జాగ్రత్త: బండి న్యూట్రల్‌ల ఉండాలె, చక్రాల కింద రాళ్లు పెట్టాలె. అదే కనెక్టర్‌ల సెన్సర్ పిన్నులు కూడా ఉంటయి, పొరపాటున వాటికి 12 వోల్టులు తగిలితే మంచిగున్న సెన్సర్ కాలిపోతది. వైరింగ్ డయాగ్రమ్ లేకుంటే ఈ టెస్టు జోలికి పోకండి.

కరెంటు వస్తుంది, ఎర్త్ ఉంది, క్యాన్ లైను ఉంది, నాబ్ సిగ్నల్ డబ్బా దాకా వస్తుంది, మోటార్ తిరుగుతుంది. కోడ్లు క్లియర్ చేసి మళ్ల నాబ్ తిప్పితే డబ్బా నుంచి మోటార్‌కు సున్న. ఇగ మిగిలింది అదే. అప్పుడు చెప్పిన, "అన్నా, మాడ్యూలే పోయింది" అని.

డబ్బా విప్పితే, ఇదిగో దగ్గరికి చూపిస్త, ఈ మూల పచ్చగ బూజు లెక్క కనిపిస్తుందా? రాగి మీద నీళ్లు నిలిస్తే ఇట్లయితది. వాన నీళ్లేమో అనుకున్న. అద్దం కింద వైపర్ల దగ్గర నీళ్లు పోయే రంధ్రాలు చూసిన, వేపాకు రాలి కొంచెం మూసుకున్నయి గానీ లోపలికి తడి రాలే. అడిగితే మెల్లగ చెప్పిండు, "బురద కాళ్లతోటి ఎక్కుతరు తమ్మీ, వారానికోసారి క్యాబిన్ లోపల పైపు పెట్టి కడుగుత" అని. ఆ బండిల డబ్బా ఉండేది ఎడమ దిక్కు, కాళ్లు పెట్టుకునే జాగ పక్కన. పైపు నీళ్లు సూటిగ దాని మీదికే పోయినయి. పొద్దున చల్లగున్నప్పుడు ఎట్లనో పని చేసుడు, ఎండకు వేడెక్కినంక ఆగుడు, ఇదీ అసలు కారణం.

ఇగ నా తప్పు.

కొత్త డబ్బా ఆర్డర్ పెడితే రావడానికి రోజులు పడుతది అన్నరు. ఆయనకేమో ఒక్కో పొద్దున లెక్కనే. హైదరాబాద్‌ల ఒక స్క్రాప్ షాపుల అదే మోడల్ బండిది ఉందంటే ఫొటో తెప్పించుకున్న. అదే సైజు, అదే కనెక్టర్, పార్ట్ నంబర్ కూడా అదే, చివర ఒక్క అక్షరం తప్ప. ఆ ఒక్క అక్షరం నేను పట్టించుకోలే. ఆయన డబ్బులతోటే తెప్పించి వేసిన. తాళం తిప్పంగనే ఫోర్ బై ఫోర్ లైటుతో పాటు మీటర్‌ల ఇంకో రెండు లైట్లు కూడా వెలిగినయి. అది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండిది. ఈయనది మాన్యువల్. లోపల రాసుకున్న లెక్కలే వేరు, పైగ వేరే బండి ఛాసిస్ నంబరు అందుల నమోదై ఉంది.

ఆయన తిట్టలే. తిడితే బాగుండేది. "రెండు పొద్దులు పోయినయి తమ్మీ" అన్నడు, అంతే. ఆ డబ్బా పైసలు నేను వాపస్ ఇచ్చిన, షాపోళ్లు నాకు ఇయ్యలే. ఎలక్ట్రానిక్ సామాను వాపస్ తీసుకోరు, వాళ్లు ముందే చెప్పిన్రు, నేను విన్న కూడా. కొత్తది వచ్చేదాకా మా బావమరిది ట్రాక్టర్ ఆయన చేనుకు పంపిన. ఇది గొప్ప కోసం చెప్పుత లేను. వనపర్తిల, గద్వాలల అందరం అందరికి ఎరుకే, రేపు సంతల ఎదురుపడాలె కదా.

కొత్త డబ్బా వచ్చినంక బిగిచ్చుడు పెద్ద పనేం కాదు. అందుకే ఆ భాగం తొందరగ చెప్త. బండి చదును జాగల నిలబెట్టి, 2హెచ్‌ల పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి, డ్యాష్‌బోర్డు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఉంటయి, పసుపు రంగు కనెక్టర్లు, వాటిని ముట్టకండి. విప్పే ముందు ఫోన్‌తోటి ఫొటోలు తీసుకోండి. కనెక్టర్ లాకు నొక్కి తీయండి, వైరు పట్టి గుంజకండి. కనెక్టర్ లోపల కూడా పచ్చదనం ఉందా చూడండి. ఈ బండిల రెండు పిన్నులకు ఉండే, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి శుభ్రం చేసిన. అది వదిలేస్తే కొత్త డబ్బా కూడా ఎక్కువ రోజులు ఉండకపోవు. పార్ట్ నంబర్ చివరి అక్షరం దాకా చూడండి. ఇది ఎందుకు చెప్తున్ననో మీకు తెలుసు.

బిగిచ్చినంక అయిపోలే. చాలా బండ్లల్ల కొత్త డబ్బాకు కోడింగ్ చెయ్యాలె, అంటే ఇది ఫలానా బండి, ఫలానా గేర్‌బాక్స్ అని స్కానర్‌తోటి దానికి నేర్పాలె. మోటార్ ఏ జాగల ఉందో కూడా నేర్పించుకోవాలె. నా స్కానర్‌తోటి కాలే. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయి చేయించుకొచ్చిన. మీరు డబ్బా కొనేటప్పుడే కోడింగ్ ఎవరు చేస్తరు, ఎంత తీసుకుంటరు అని అడగండి. డబ్బా రేటు విని సంబురపడి, తర్వాత కోడింగ్ కోసం తిరిగేటోళ్లను మస్తు మందిని చూసిన.

టెస్టు మట్టి మీదనే చెయ్యాలె. ఈ పికప్‌లల్ల ఎక్కువ వాటికి 4హెచ్‌ల ముందు, వెనక షాఫ్టులు గట్టిగ కలిసిపోతయి. మలుపుల ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు కదా, మట్టిల అయితే జారి సర్దుకుంటయి. తారు రోడ్డు మీద జారవు, లోపల బిగుసుకుంటయి, సామాను అరుగుతది. నేషనల్ హైవే 44 మీద 4హెచ్‌ల పెట్టుకొని స్టైల్ కొట్టేటోళ్లు ఉన్నరు, పెబ్బేరు కాడ నేనే ఒకాయన్ని ఆపి చెప్పిన. ఒకవేళ మీ బండి 4హెచ్‌ల ఇరుక్కుపోతే ముందు చక్రాలు మాత్రమే లేపి టో చేయించుకోకండి, నాలుగు చక్రాలు పైకెక్కే లారీ మీదనే తీసుకురండి.

ఎర్రవల్లి చౌరస్తా దాటి మట్టి దారి ఎక్కినంక నాబ్ తిప్పిన. లైటు రెండు మూడు సార్లు బ్లింక్ అయి నిలబడ్డది. బండి ఆపి, న్యూట్రల్ చేసి 4ఎల్, మళ్ల 2హెచ్. పది సార్లు తిప్పిన. ఆయన పక్క సీటుల కూసొని ఏం మాట్లాడలే. చేను గట్టు దాకా పోయినం, ముందు రోజు వాన పడ్డది, దారి మొత్తం పిసికిన పిండి లెక్క ఉంది. బండి కొంచెం జారుకుంట, కొంచెం ఊగుకుంట దాటింది. అప్పటికి పొద్దెక్కింది, ఆడోళ్లు సాళ్లల్ల ఉన్నరు, మా బావమరిది ట్రాక్టర్‌ల వచ్చినోళ్లు. బండి చూసి ఒకామె, "ఈ పొద్దన్న నిజంగ మంచిగైందా?" అని అడిగింది. ఆయన నా దిక్కు చూసి నవ్విండు.

ఇప్పుడు ఆయన క్యాబిన్‌ను తడిబట్టతోటి తుడుస్తడట. నెలకోసారి ఫోన్ చేసి ఆ మాట మాత్రం తప్పకుండ చెప్తడు. పాత డబ్బా, స్క్రాప్ డబ్బా రెండూ నా దగ్గరనే ఉన్నయి, ఇదిగో పక్కపక్కన పెట్టిన. పార్ట్ నంబర్ల చివరి అక్షరం చూడండి, కెమెరా ఫోకస్ అయితుందా? ఆ, అదే. వనపర్తి దిక్కు వస్తే షెడ్డుకు రండి, చేతుల పట్టుకొని చూద్దురు. పక్కాయన గ్రైండర్ మళ్ల మొదలుపెట్టిండు. ఉంటా మరి.